నూకాలమ్మ ఫొటోకి చప్పుడు లేని గాలి

మీరు నవ్వనని మాటిస్తే చెబుతాను. సరే, మాటొద్దు, నవ్వుకోండి గానీ టీ మీద పోసుకోకండి. మా బావమరిది పనిచేసే గెస్ట్‌హౌస్‌లో ఈమధ్య ఒక పెద్దాఫీసరు ముక్కు మూసుకుని గది మార్చుకున్నాడు. దానికి కారణం నేనే. మా వీధిలో పిల్లులన్నీ ఒకరోజంతా మా పెరట్లో బాత్‌రూమ్ తలుపు దగ్గర ధర్నా చేశాయి. దానికీ నేనే. ఇంతా చేసి నేను చేయబోయిందేమిటంటే, కాస్త గాలి లాగడం. అదీ చప్పుడు లేకుండా.

మద్దిలపాలెం బస్సు డిపో వెనక నా స్టూడియో మీకు తెలుసు కదా. ముందు గది స్టూడియో. మధ్య గదీ వంటిల్లూ నేనూ మా ఆవిడ కామేశ్వరీ ఉండేవి. వెనక చిన్న కొట్టుగది నా డార్క్‌రూమ్. ఆ కొట్టుగదికీ మా ఇంటాయన పడకగదికీ మధ్య ఒకే గోడ. ఇంటాయన పేరు పైడిరాజు. పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఎప్పుడు చూసినా నైట్ డ్యూటీయే. పొద్దున వచ్చి చద్దన్నం తిని పడుకుంటే సాయంత్రం దాకా ఆ వాటాలో గిన్నె చప్పుడు కూడా వినబడదు. వాళ్లావిడ అప్పయ్యమ్మ గారు కుక్కర్ విజిల్ వెయ్యబోతుంటే పరుగెత్తుకెళ్లి దించేస్తుంది. మేం ఆ ఇంట్లో దిగిన రోజునే పైడిరాజు గారు నాకో మాట చెప్పాడు.

"మేస్టారూ, మీరు లోపలేటి సేసుకున్నా నానడగను. నా నిద్దర మాత్రం సెడగొట్టకండి. ఒకసారి సెప్తాను. రెండోసారి సామాన్లు బయటెట్టేత్తాను."

ఫొటోలు కడుక్కునేవాడికి చప్పుడేముంటుంది? ట్రేలో నీళ్లు కదిలిన చప్పుడు తప్ప. ఇద్దరికీ బాగానే కుదిరింది. నూకాలమ్మ గారు నా స్టూడియో గుమ్మం ఎక్కేదాకా.

ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లేవాళ్లకి నూకాలమ్మని పరిచయం చెయ్యక్కర్లేదు. ఒకప్పుడు నెత్తిన తట్ట పెట్టుకుని వీధివీధీ తిరిగి చేపలమ్మిన మనిషి. ఇప్పుడు సొంతంగా మరబోట్లున్నాయి. కొత్తగా ఐస్ ఫ్యాక్టరీ కూడా కట్టింది. వేలంపాటలో ఆవిడ గొంతు లేచిందంటే దూరంగా లంగరేసిన ఓడ మీదున్నవాళ్లు కూడా తల తిప్పి చూస్తారని చెప్పుకుంటారు. స్టూడియోలో నేను పెళ్లికొడుకుల కోసం ఉంచిన సింహాసనం కుర్చీలో తిన్నగా వెళ్లి కూర్చుంది.

"నా ఫొటో తియ్యి. తీసి తలుపంత సెయ్యి."

"తలుపంతా? అంత పెద్దదెందుకమ్మా?"

"పేక్టరీలో కాటా ఎదురుగా గోడకెడతాను. నాను లేనప్పుడు కూడా నాను సూత్తన్నట్టుండాల. అయిసు దొంగలు ఎక్కువైపోనారు బావూ."

"మామూలుగా ఇంత పెద్ద ఫొటోలు పోయినవాళ్లకి..." అని నోరు జారాను.

"పోయాక నానేటి సూత్తాను? బతికుండగానే సూసుకుంతాను. ఇంకో మాట. నా మొకం మీద ముడత ఒక్కటి కూడా పోకూడదు. అన్నీ నాను కట్టపడి తెచ్చుకున్నయ్యే."

నడుం మీద చెయ్యేసుకుని, కెమెరాని కూడా అనుమానంగా చూస్తూ నిలబడింది. తీశాను. నా జన్మలో తీసిన ఫొటోల్లో అంత మంచిది లేదంటే నమ్మండి. ఇక్కడే నాకు ఆశ పుట్టింది. మన ఊళ్లో ఇంత పెద్ద ఫొటో కావాలంటే నెగెటివ్ మద్రాసు పంపాల్సిందే. అది నేను ఇక్కడే, మద్దిలపాలెం కొట్టుగదిలో చేసి చూపించానంటే రేపు పోర్టు వాళ్లూ, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న కంపెనీల వాళ్లూ నా గుమ్మం ముందు నిలబడరా అనుకున్నాను. ఫ్యాక్టరీ ప్రారంభానికి కొద్ది రోజులే టైముంది. ఆవిడ వెళ్తూ వెళ్తూ, "ఆ రోజుకి ఫొటో రాకపోతే నానే వచ్చి ఈ కుర్చీలో కూకుంతాను. ఇంక లెగను," అంది.

పెద్ద ఫొటో తియ్యాలంటే, నెగెటివ్‌లోంచి వెలుగు పంపి బొమ్మని పెద్దది చేసే ఎన్‌లార్జర్‌ని పక్కకి తిప్పి గోడ మీదికి బొమ్మ వెయ్యాలి. ఆ గోడకి కాగితం అంటించాలి. అంత పెద్ద కాగితం చాపలా చుట్టలో వస్తుంది. విప్పి వదిలితే మళ్లీ చుట్టుకుపోతుంది. నాలుగు మూలలా డ్రాయింగ్ పిన్నులు గుచ్చాను. మన ఊరి సముద్రపు చెమ్మకి మధ్యలో పొట్ట ఉబ్బింది. సరే చూద్దాం అని ఒక ప్రింట్ తీశాను. నూకాలమ్మకి ఒక చెంప అద్దంలా వచ్చింది. రెండో చెంప పొగమంచులో కలిసిపోయింది.

కామేశ్వరి చూసి, "ఆవిడకి పన్ను పీకించారా ఏంటండీ?" అంది.

అప్పుడు పాత పుస్తకాల కొట్లో దొరికిన ఒక విదేశీ ఫొటోగ్రఫీ పత్రిక గుర్తొచ్చింది. అందులో ఈ చిక్కుకి మందుంది. ఒక చదునైన చెక్కపెట్టె. ముందు పలక నిండా సన్నటి కన్నాలు. పెట్టె వెనక నుంచి గాలి లాగితే ఆ కన్నాల మీద పెట్టిన కాగితం పలకకి బల్లిలా అతుక్కుపోతుంది. గాలి లాగుతున్నంతసేపూ కదలదు, మెదలదు. వాక్యూమ్ ఈజెల్ అంటారు దాన్ని. వడ్రంగి చేత తలుపంత పెట్టె చేయించి ఇంటికి తెచ్చాను.

"ఇంత పెద్ద బూందీ చట్రం ఎవరి పెళ్లికండీ?" అంది కామేశ్వరి.

పెట్టె కుదిరింది. ఇంక గాలి లాగేదేది? పత్రికలో ఒక్క ముక్క గట్టిగా రాశాడు. లాగే మిషను చప్పుడు చెయ్యనిది చూసుకోండి, అదురు పెట్టెకి తగిలితే బొమ్మ చెదిరిపోతుంది అని. చెదిరేది బొమ్మొక్కటేనా? గోడవతల పైడిరాజు గారున్నాడు.

కామేశ్వరి తమ్ముడు సత్తిబాబు ఒక కంపెనీ గెస్ట్‌హౌస్‌లో సూపర్‌వైజరు. తివాచీలు ఊడ్చడానికి అక్కడ వాక్యూమ్ క్లీనరుంది. "బావా, గాలి లాగడానికి దాన్ని మించింది లేదు, ఒక పూట తెచ్చిస్తాను," అన్నాడు. తెచ్చాడు. ఇనప డ్రమ్ములా ఉంది. గొట్టం పెట్టెకి తగిలించి, కాగితం ఆనించి, స్విచ్ వేశాను.

మీరు విమానం కింద నిలబడ్డారా ఎప్పుడైనా? అంత చప్పుడు. కానీ కాగితం చూడండి, పలకకి ఎలా అతుక్కుందంటే గోరుతో గీకినా రాదు. నేనూ సత్తిబాబూ ఒకరి చేతులొకరు పట్టుకుని గెంతాం. ఆ గెంతుల్లో తలుపు కొట్టిన చప్పుడు కూడా వినబడలేదు. స్విచ్ ఆపాక వినబడింది.

పైడిరాజు గారు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. చేతిలో గోడ మీంచి ఊడిపడిన క్యాలెండరుంది.

"మేస్టారూ, నానిప్పుడు క్రేన్ మీదున్నానా, ఇంట్లో ఉన్నానా?"

"ఇంట్లోనేనండి."

"మరి నా మంచం ఎందుకూగుతాది?"

సత్తిబాబు వాక్యూమ్ క్లీనర్‌ని కాళ్లతో దాచే ప్రయత్నం చేశాడు. అంత డ్రమ్ము ఎక్కడ దాగుతుంది. "ఇది మొదటిసారి," అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. ఆ మాట మెల్లగా అన్నాడు. అరిచుంటే బాగుండేదనిపించింది.

తర్వాత సత్తిబాబుకే ఇంకో ఆలోచన వచ్చింది. గెస్ట్‌హౌస్‌లో ఒక పాత ఫ్రిజ్ మూలన పడుంది. దాని కింద ఉండే నల్లటి బుర్ర, కంప్రెసరు, ఇంకా పనిచేస్తోంది. ఒక వైపు గాలి లాగుతుంది, రెండో వైపు వదులుతుంది. విప్పి తెచ్చాడు. స్విచ్ వేస్తే పిల్లి గురక పెట్టినట్టుంది, అంతే. గోడకి చెవి ఆనించి విన్నాను. అవతల పైడిరాజు గారి గురకే దీనికన్నా పెద్దగా ఉంది. అయితే ఆ బుర్రకి ఓపికెక్కువ, బలం తక్కువ. పెట్టె అతుకుల్లోంచి చొరబడే గాలి లాగడానికే దాని ప్రాణం చాలడం లేదు. పెట్టె వెనకంతా రెక్సిన్ గుడ్డ అంటించి, అతుకులన్నీ సైకిల్ పంక్చర్ సొల్యూషన్‌తో మూశాను. అప్పుడు కాగితం మెల్లమెల్లగా, కొత్త పెళ్లికూతురు పీటల మీద కూర్చున్నట్టు సిగ్గుపడుతూ, పలకకి చేరింది.

హమ్మయ్య అనుకుని ఎన్‌లార్జర్ సర్దుకుంటున్నాను. మధ్య గదిలోంచి కామేశ్వరి పిలిచింది. పైడిరాజు గారి భయంతో మా ఇంట్లో అప్పటికే అందరం గుసగుసల్లోకి దిగిపోయాం. ఆవిడ కోపం కూడా గుసగుసగానే వచ్చింది.

"ఏమండీ, ఒకసారి ఇలా వచ్చి నా అప్పడాలు చూస్తారా?"

కంప్రెసర్ని చప్పుడు రాకుండా మధ్య గదిలో బల్ల కింద పెట్టాను. దాని ఎదురుగా ఆవిడ చాప మీద అప్పడాలు ఆరబెట్టుకుంది. గాలి వదిలే గొట్టంలోంచి నల్లటి నూనె తుంపర్లు తుంపర్లుగా వచ్చి అప్పడాలన్నిటికీ సమానంగా పడింది. ఒక్కదాన్నీ వదల్లేదు. నేను చూస్తుండగానే లోపలున్న నూనంతా కక్కేసి ఆ బుర్ర ఒకసారి మూలిగి బిగుసుకుపోయింది. ఆ సాయంత్రం కామేశ్వరి నాకు అన్నం పెట్టింది గానీ అందులో అప్పడం లేదు, మాట కూడా లేదు.

ప్రారంభం దగ్గరపడుతోంది. నూకాలమ్మ మనిషి రోజూ వచ్చి కిటికీలోంచి లోపలికి తొంగిచూసి పోతున్నాడు. అప్పుడు నా బుర్రలో వెలిగింది. చప్పుడు తక్కువ మిషనే ఎందుకు? చప్పుడు చేసే మిషనుని దూరంగా పెట్టి గొట్టం పొడుగు చేస్తే సరి. పెరటి చివర బాత్‌రూమ్ ఉంది, మందపాటి గోడలు. వాక్యూమ్ క్లీనర్‌ని అందులో పెట్టి, చుట్టూ ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పి, తలుపేస్తే బయటికి ఏం వినబడుతుంది? సత్తిబాబుని మళ్లీ బతిమాలాను. గెస్ట్‌హౌస్ తోటలో వాడే లావు గొట్టాలు రెండు తెచ్చాడు. రెండిటినీ కలిపి సైకిల్ ట్యూబ్ ముక్కతో కట్టాను. ఆ గొట్టం బాత్‌రూమ్‌లోంచి బయల్దేరి, పెరడంతా దాటి, నల్లగుడ్డ కట్టిన వెంటిలేటర్ గుండా నా డార్క్‌రూమ్‌లోకి వచ్చింది.

ఆ మధ్యాహ్నం పైడిరాజు గారు పడుకున్నాక స్విచ్ వేసి, ఆయన కిటికీ కింద నిలబడి విన్నాను. ఏమీ లేదు. దూరంగా డిపోలో బస్సు వెనక్కి తీస్తున్నట్టు చిన్న రొద. అంతే. నాకు ఆనందంతో ఒళ్లు తెలీలేదు. డార్క్‌రూమ్‌లో నేనుంటాను. బాత్‌రూమ్ దగ్గర స్విచ్ వెయ్యడానికి కామేశ్వరి. కేకలు వేసుకోకూడదు కాబట్టి వెంటిలేటర్లోంచి ఒక తాడు. నేను ఒకసారి లాగితే వెయ్యాలి, రెండుసార్లు లాగితే ఆపాలి. వీధి గుమ్మం దగ్గర, ఎవరూ రాకుండా సత్తిబాబు. ఇంత ఏర్పాటు చేశాక ఏం తప్పు జరుగుతుంది చెప్పండి.

అప్పయ్యమ్మ గారు పెరట్లో ఎండ్రొయ్యలు ఆరబోసుకుందన్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

తాడు లాగాను. గాలి వచ్చింది. కాగితం అతుక్కుంది. ఎన్‌లార్జర్ వెలిగించాను. గోడ మీద నూకాలమ్మ నిలువెత్తున, నడుం మీద చెయ్యేసుకుని, నన్ను అనుమానంగా చూస్తూ. బొమ్మ కాగితానికి పట్టాలంటే చాలాసేపు అలాగే కదలకుండా ఉండాలి. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నాను.

బయట ఎండకి గొట్టం వేడెక్కి, నేను కట్టిన ట్యూబ్ ముక్క వదులైంది. గొట్టం రెండు ముక్కలైంది. మిషను వైపు ముక్క జారి ఎండ్రొయ్యల చాప మీద పడింది. ఇంక అది తిండి మొదలుపెట్టింది. సరసరమని రొయ్యలు వరసగా గొట్టంలోకి పోతున్నాయట. స్విచ్ వేసి, చప్పుడు భరించలేక చాప ఇవతలికి వచ్చి నిలబడ్డ కామేశ్వరి చూసింది. మావాళ్లు రొయ్య ముట్టరు, మీకు తెలుసు. గొట్టం పట్టుకుందామంటే దాని నిండా రొయ్యలు. స్విచ్ ఆపుదామంటే దారికడ్డంగా రొయ్యల చాప. కేక వేద్దామంటే పైడిరాజు గారు. ఏం చెయ్యాలో తెలీక తాడు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

తాడు నేను లాగాలి గానీ ఆవిడ లాగడమేమిటి? అలాంటి సైగ మేం అనుకోలేదు. లోపల నా చేతిలో తాడు గాలానికి పెద్ద చేప తగిలినట్టు గింజుకుంటోంది. నేను కూడా తిరిగి లాగాను. ఆవిడ లాగింది. నేను లాగాను. ఈలోగా పెట్టెలో గాలి ఆగిపోయిందని నాకు తెలియలేదు. తలుపంత కాగితం మెల్లగా పలక వదిలి, చుట్టుకుంటూ చుట్టుకుంటూ నా మీదికి వచ్చి, నన్ను కూడా లోపలేసుకుని చుట్టుకుపోయింది.

అదే సమయానికి సత్తిబాబు పెరట్లోకి తొంగిచూశాడు. మునివేళ్ల మీద పరుగెత్తుకొచ్చి గొట్టం లాగాడు. గొట్టం మూతి పైకి లేచి తీగ మీద ఆరేసిన పైడిరాజు గారి లుంగీని అందుకుంది. లుంగీ సగం దాకా లోపలికి పోయి ఇరుక్కుంది. గాలి ఆడక మిషను గొంతు పెరిగింది, పెరిగి పెరిగి నౌక సైరన్లా కూసింది. బొంతలేం ఆపుతాయి దాన్ని.

పైడిరాజు గారు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి ఆయనకి కనబడింది ఇది. మా ఆవిడ నిలబడి ఒక తాడుతో కుస్తీ పడుతోంది. మా బావమరిది ఆయన లుంగీని ఒక గొట్టం నోట్లోంచి పీకుతున్నాడు. నేను కాగితపు చుట్టలో నిలువునా ఇరుక్కుని, తల మాత్రం బయటపెట్టి, కొట్టుగది గుమ్మంలో గెంతుతూ వస్తున్నాను. సత్తిబాబు వెళ్లి బాత్‌రూమ్ తలుపు తీసి స్విచ్ ఆపాడు. లోపల్నించి రొయ్యపొట్టు మబ్బులా బయటికొచ్చింది. ఆ వాసనకి మొదటి పిల్లి గోడ దిగింది. మిగతావాటికి అదే కబురు పెట్టినట్టుంది.

అప్పయ్యమ్మ గారు ఖాళీ చాపని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. పైడిరాజు గారు నా దగ్గరికి వచ్చాడు.

"మేస్టారూ, నాను తాగలేదు గదేటి?"

"లేదండి."

"అయితే ఈ వారం దాటకుండా ఇల్లు సూసుకోండి."

సత్తిబాబు ఆ మిషను దులిపి, తుడిచి, సంచీ కడిగి గెస్ట్‌హౌస్‌కి చేర్చాడు. మర్నాడు పెద్దాఫీసరు దిగుతున్నాడని అదే మిషనుతో ఆయన గది తివాచీ ఊడ్చారు. వేడెక్కిన మిషను లోపల మిగిలిన రొయ్యల సువాసనంతా గదిలో వదిలింది. ఆ ఆఫీసరు ఏ ఉత్తరాది వాడో, చేప పేరెత్తితేనే కళ్లు తిరిగేవాడట. సత్తిబాబు ఆ సాయంత్రమే వచ్చి, "బావా, నా ఉద్యోగం ఇంకా ఉంది. అదలాగే ఉండాలంటే నువ్వు నన్ను కొన్నాళ్లు గుర్తుపట్టకు," అని చెప్పి పోయాడు.

ఇంక చేసేదేముంది? నావల్ల కాదని నూకాలమ్మ గారికి చెప్పేసి, మద్రాసు పంపిద్దామని, తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. నిజం చెప్పొద్దూ, మనసు బాగా చివుక్కుమంది. ఆ ఫొటో నాది. నా చేతుల మీదుగా రావాలని ఎంతగా అనుకున్నానో.

జెట్టీ మీద వేలం సాగుతోంది. ఆవిడ పని తెమిలేదాకా పక్కన నిలబడ్డాను. ఎదురుగా ఆవిడ బోటులో ఒకతను కూర్చుని, ఒక కర్ర పిడిని ముందుకీ వెనక్కీ ఆడిస్తూ అడుగున చేరిన నీళ్లు తోడుతున్నాడు. చేతి పంపు. లావు రబ్బరు తిత్తి ఉబ్బుతోంది, అణుగుతోంది. డుబుక్, డుబుక్. పక్కనే ఇద్దరు మామూలు గొంతుతో కబుర్లు చెప్పుకుంటున్నారు, వాళ్ల మాటలన్నీ నాకు వినబడుతున్నాయి. నీళ్లైపోయాయి. పంపు ఇంకా ఆడుతూనే ఉంది. గొట్టంలోంచి ఇప్పుడు వస్తున్నది ఉత్త గాలి. అంటే అటువైపు అది లాగుతున్నదీ గాలే, అదీ చప్పుడు లేకుండా.

"ఏటి ఫొటో బావూ, అయిపోనాదా?" నూకాలమ్మ గారి గొంతుకి ఉలిక్కిపడ్డాను.

"అమ్మా, ఆ పంపు నాకొక పూట ఇప్పిస్తారా?"

"పంపేటి? నా మొకంలో నీరు సేరిందేటి?"

జరిగిందంతా చెప్పాను. రొయ్యల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నవ్విన నవ్వుకి వేలంపాట ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని, "పంపుతోపాటు నానూ వత్తాను. నా బొమ్మకి గాలి నానే కొడతాను. నీ సేతులు సూత్తే సింతబరికల్లాగున్నాయి," అంది.

మధ్యాహ్నం రిక్షాలో పంపూ, పంపు పక్కన ఆవిడా దిగారు. పంపుని ఒక పలకకి బిగించి డార్క్‌రూమ్‌లోనే పెట్టాను. గొట్టం పెట్టెకి తగిలించాను. కామేశ్వరి గుమ్మంలో నిలబడి, పక్కవాటాలో ఆయన నిద్రపోతున్నాడనీ, మెల్లగా మాట్లాడాలనీ చేతులు పట్టుకుని మరీ చెప్పింది.

"నాను మెల్లగానే మాటాడతన్నాను," అంది నూకాలమ్మ గారు. డిపోలో కండక్టరెవరో వెనక్కి తిరిగి చూసుంటాడు.

తలుపేశాను. ఎర్ర లైటు వేశాను. ఆవిడ పీట మీద కూర్చుని పిడి అందుకుంది. డుబుక్, డుబుక్. కాగితం మధ్యలో పొట్ట మెల్లగా అణిగింది. మూలలు అతుక్కున్నాయి. చెయ్యేసి చూశాను, అద్దంలా ఉంది. పెట్టెకి అదురు లేదు. పిడి ఆడుతున్నంతసేపూ కాగితం కదల్లేదు. ఎన్‌లార్జర్ వెలిగించాను. ఆవిడ తన బొమ్మ వైపే చూస్తూ, పిడి ఒకే తీరుగా ఆడిస్తూ, తన మొదటి బోటు నీళ్లలో దిగిన రోజున అడుగున చిల్లు పడి ఒడ్డు చేరేదాకా ఇలాగే పంపు కొట్టిన కథ చెప్పింది. కథ చెప్పింది మాత్రం మెల్లగా కాదు. నేను గోడ వైపు చూస్తూ దణ్ణాలు పెట్టుకుంటున్నాను.

కాగితాన్ని తీసి మందు పోసిన రేకు తొట్టెలో ముంచి, ఇటు నుంచి అటు చుడుతూ, విప్పుతూ ఉన్నాను. ఆవిడ నా భుజం మీంచి వంగి చూస్తోంది. తెల్లటి కాగితం మీద ముందు కళ్లు వచ్చాయి. తర్వాత నుదుటి మీద ముడతలు. ముక్కుపుడక. పంటి సందు. అన్నీ వచ్చాయి, ఒక్కటీ పోలేదు. నూకాలమ్మ గారు తొట్టె మీదికి ఇంకా వంగింది. ఈసారి నిజంగానే గుసగుసగా అంది.

"ఇది నాను కాదు బావూ. మాయమ్మ."

నేను తల తిప్పి చూశాను.

"మాయమ్మకి ఫొటో లేదు. మొకం మర్సిపోనాననుకున్నాను."

ఆ ఎర్ర వెలుతుర్లో చీర చెంగుతో మొహం తుడుచుకుంది. కాగితాన్ని ఇంకా మెల్లగా తిప్పాను.

అప్పుడు తలుపు మీద టక్ టక్. పైడిరాజు గారే. వెలుగు తగిలితే ఫొటో నల్లబడిపోతుంది, అందుకని అది ఆఖరి మందులో పడేదాకా తలుపు తియ్యలేదు. ఆ కాసేపట్లో మా సామాన్లు ఏ బండి మీద ఎక్కించాలో కూడా ఆలోచించేశాను. తలుపు తీశాను. ఆయన కళ్లు నిద్రతో ఉబ్బి ఉన్నాయి.

"మేస్టారూ, ఆ డుబుక్ డుబుక్ ఏటండి?"

"పంపండి. అయిపోయింది. ఆపేశాం. ఇంక జన్మలో..."

"ఎందుకాపీసారు?"

నాకు అర్థం కాలేదు. ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"సిన్నప్పుడు మాయయ్య బోటులో పడుకునీవోన్ని. రాత్రంతా ఈ సప్పుడే. ఇయ్యాల ఎంత నిద్దర పట్టిందనుకున్నారు. క్రేనెక్కిన కాడ్నుంచీ అలాటి నిద్దర లేదు. మీరాపీసరు, మెలకువొచ్చీసింది."

"నా గొంతుకి మెలకువ రాలేదేటి నీకు?" అని లోపల్నించి నూకాలమ్మ గారు అడిగింది.

"బోటులో ఆడోళ్ల అరుపులు కూడా ఉండీవి గదప్పా," అన్నాడు పైడిరాజు గారు.

ఆవిడ మురిసిపోయింది. పంపు పాతదేననీ, బోటుకి కొత్తది వేయిస్తాననీ చెప్పి నాకే వదిలేసింది. ఫొటో ఐస్ ఫ్యాక్టరీ గోడెక్కింది. కాటా దగ్గర పనిచేసేవాళ్లు బీడీ కాల్చుకోవాలంటే బయటికి పోతున్నారట, ఆవిడ కళ్ల ముందు ధైర్యం చాలక. అప్పయ్యమ్మ గారికి నూకాలమ్మ గారే ఒక గంపెడు ఎండ్రొయ్యలు పంపింది. నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అంతా బాగానే ముగిసిందని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. పోయినవారం నాకు పెద్ద ప్రింట్ల పనేమీ లేదు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాను. తలుపు చప్పుడైంది. పైడిరాజు గారు, చంకలో తలగడతో.

"మేస్టారూ, ఇయ్యాల పనేటీ లేదేటండి? నిద్దర రావట్లేదు."

లేదని చెప్పలేకపోయాను. వెళ్లి పంపు ముందు కూర్చున్నాను. మర్నాడూ అంతే. అందుకే ఈమధ్య మధ్యాహ్నాలు స్టూడియోకి వస్తే నేను కనబడటం లేదు. కాగితం లేని పెట్టెలోంచి గాలి లాగుతూ క్రేన్ ఆపరేటరుని జోకొడుతున్నాను. కామేశ్వరి చూసి చూసి, పెళ్లయినప్పట్నించీ తను ఊయలెక్కి ఊపమంటే ఊపని మనిషికి మంచి శాస్తి అంటోంది.

నిన్న పిడి ఆడిస్తూ ఆడిస్తూ నాకే కునుకు పట్టింది. పంపు ఆగింది. ఆగీ ఆగగానే గోడవతల్నించి వేలి కణుపులతో టక్ టక్. ఉలిక్కిపడి లేచి, "సారీ అండీ," అని గోడకి చెప్పి, మళ్లీ పిడి అందుకున్నాను.